రొయ్య మన చెరువుదే.. మన ప్లేటులోకి ఎందుకు రావడం లేదు?

ఆదివారం సాయంత్రం. నెల్లూరులోనో, గుంటూరులోనో ఒక ఫ్యామిలీ రెస్టారెంట్ అనుకుందాం. అబ్బా, అమ్మీ, ముగ్గురు పిల్లలు, ఊరి నుంచి వచ్చిన నానీ. మెనూ కార్డు ముందుగా పిల్లల చేతికే వెళ్తుంది. పెద్దమ్మాయి వేలు రొయ్యల దగ్గర ఆగుతుంది. "అబ్బా, ఈసారి లూజ్ ప్రాన్స్ చెబుదామా?" అంటుంది. ఆయన చూపు కుడివైపు రేటు మీదకు పోతుంది. దాని కింద ఫుల్ ఫిష్ ఎదురుగా అసలు రేటే లేదు, 'సైజును బట్టి' అని మాత్రం రాసి ఉంది.

"భాయ్, చేప ఈరోజుదేనా?"

"ఫ్రెష్ సార్."

"ఏం చేప?"

"బోన్‌లెస్ సార్."

ఈలోగా నానీకి ఓ అనుమానం. "రొయ్యలు వేయించిన నూనెలోనే చేప కూడా వేయిస్తారేమో, అడుగు బేటా" అంటుంది మెల్లగా. సర్వర్ లోపలికి వెళ్లొచ్చి "అంతా ఒకటే సార్, ఏం కాదు" అంటాడు. రెండు నిమిషాల తర్వాత ఆర్డర్ ఖాయమవుతుంది. రెండు చికెన్ బిర్యానీ, ఒక తందూరీ. అంతే.

కోస్తా పట్టణాల్లో ఇలాంటి టేబుళ్లు ప్రతి వారం కనిపిస్తాయి. ఆ రెస్టారెంట్‌కు కొద్ది దూరంలోనే రొయ్యల చెరువులు ఉంటాయి. దేశంలో రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. అయినా రొయ్య తినాలనుకుని వెళ్లిన కుటుంబం కోడి తిని వస్తోంది. ఇన్నాళ్లూ ఇది ఇంటి విషయం. ఇప్పుడు రైతు కష్టం, ప్రభుత్వ ప్రయత్నం కూడా ఈ టేబుల్ దగ్గరికే వచ్చి ఆగాయి.

అమెరికా దెబ్బతో గుర్తొచ్చిన ఇంటి మార్కెట్

2024-25లో భారత్ దాదాపు 17 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులను ఎగుమతి చేసింది. వాటి విలువ 62 వేల కోట్ల రూపాయలకు పైనే. అందులో గడ్డకట్టించిన రొయ్యల వాటా సుమారు 43 వేల కోట్లు. ఆ రొయ్యలను అందరికంటే ఎక్కువగా కొన్నది అమెరికా. భీమవరం చుట్టుపక్కల చెరువుల నుంచి నెల్లూరు తీరం దాకా రైతు వేసుకునే లెక్కలన్నీ అమెరికా సూపర్ మార్కెట్ల చుట్టూనే తిరుగుతూ వచ్చాయి.

2025 ఆగస్టులో ఆ లెక్క తప్పింది. ట్రంప్ ప్రభుత్వం భారత సరుకులపై మొదట 25 శాతం సుంకం వేసింది. ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం కలిపి 50 శాతం చేసింది. రొయ్యల మీద అప్పటికే ఉన్న యాంటీ డంపింగ్ సుంకం వంటివి దీనికి అదనం. ఎగుమతిదారులు కొనుగోళ్లు తగ్గించారు. మేత ఖర్చు, కరెంటు ఖర్చు, రోగాల భయం మధ్య పంట తీసిన రైతు కొన్న రేటుకు అమ్ముకోవాల్సి వచ్చింది. సుంకాలు ఈరోజు పెరగొచ్చు, రేపు తగ్గొచ్చు. కానీ ఒక్క దేశం మీద ఆధారపడితే ఏమవుతుందో ఆ ఏడాది అందరికీ తెలిసొచ్చింది.

అప్పుడే 'మన రొయ్యలు మనమే తిందాం' అనే మాట గట్టిగా వినిపించింది. 1980లలో కోళ్ల రైతులు కమిటీగా ఏర్పడి గుడ్డును ఇంటింటికీ తీసుకెళ్లినట్టు, రొయ్యకూ ఒక కమిటీ కావాలన్నారు. నిజానికి ఈ ఆలోచన కొత్తది కాదు. కేంద్రం 2020లో మొదలుపెట్టిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలోనే తలసరి చేపల వాడకాన్ని 5 కిలోల నుంచి 12 కిలోలకు పెంచాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో గత ప్రభుత్వం 'ఫిష్ ఆంధ్ర' పేరుతో దుకాణాలు తెరిపించింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ప్రాసెస్ చేసిన చేప, రొయ్యల ఉత్పత్తులపై జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించారు.

ఇవన్నీ మంచివే. అయితే గుడ్డుకు, రొయ్యకు ఒక తేడా ఉంది. గుడ్డు పగలగొడితే మంచిదో కాదో తెలిసిపోతుంది. ఉడకబెట్టడం పిల్లలకూ వచ్చు. రొయ్యకు తల తీయాలి, పెంకు వొలవాలి, వీపు మీది నల్ల నరం లాగాలి. కిలో శుభ్రం చేయడానికి అరగంట పైనే పడుతుంది. వాసన ఇల్లంతా నిండుతుంది. అందుకే చాలా ఇళ్లలో రొయ్య అంటే బయట తినేదే. ఇంటి మార్కెట్ పెరగాలంటే దారి రెస్టారెంట్ మీదుగానే పోతుంది. ఆ దారి ఎలా ఉందన్నదే ఇక్కడ చూడాల్సింది.

చెరువు రేటు, ప్లేటు రేటు

రొయ్యలను రైతు 'కౌంట్' లెక్కన అమ్ముతాడు. 30 కౌంట్ అంటే కిలోకు 30 రొయ్యలు, పెద్దవి. 100 కౌంట్ అంటే కిలోకు 100, చిన్నవి. కౌంట్ తగ్గితే రేటు పెరుగుతుంది. ఊరి రెస్టారెంట్లలో లూజ్ ప్రాన్స్‌కో, రొయ్యల బిర్యానీకో వాడేవి ఎక్కువగా చిన్న సైజువే.

ఒక లెక్క వేసి చూద్దాం. చిన్న రొయ్యలు మార్కెట్లో కిలో 300 రూపాయలు అనుకుందాం. తల, పెంకు తీస్తే మిగిలేది ఇంచుమించు సగం. అంటే కిలో మాంసం 600 పడింది. స్టార్టర్ ప్లేటులో 150 గ్రాములు పెడితే ముడిసరుకు 90 రూపాయలు. ఆ ప్లేటు 350 రూపాయలు ఉందనుకోండి, కస్టమర్‌కు దోపిడీలాగే కనిపిస్తుంది. అయితే హోటల్ వాళ్లకూ వాళ్ల లెక్క ఉంది. నూనె, కమర్షియల్ గ్యాస్, మాస్టర్ జీతం, అద్దె, డెలివరీ యాప్‌లకు ఇచ్చే కమీషన్, అమ్ముడుపోక పారేసే సరుకు అన్నీ ఆ ప్లేటు మీదే పడతాయి. చికెన్ ఒక్కరోజులో ఖాళీ అవుతుంది. రొయ్య రోజుకు నాలుగు ప్లేట్లే పోతే మిగిలినది ఐస్‌లో ఉంటుంది, లేదా చెత్తలోకి పోతుంది.

ఇదో చక్రం. అమ్మకం తక్కువ కాబట్టి రేటు ఎక్కువ. రేటు ఎక్కువ కాబట్టి అమ్మకం తక్కువ. సరుకు నిలవ ఉంటుంది కాబట్టి రుచి పోతుంది. ఒకసారి రబ్బరులాంటి రొయ్య నమిలిన పిల్లాడు మళ్లీ అడగడు. చెరువు దగ్గర రేటు పడిపోయినప్పుడు మెనూ కార్డు మీది రేటు దిగిరావడం అరుదు. రైతుకు రాదు, తినేవాడికి తగ్గదు.

దీన్ని విడగొట్టిన చోట్లు లేకపోలేదు. మధ్యాహ్నం మాత్రమే నడిచే మెస్‌లలో చేపల పులుసు అన్నం తక్కువ ధరకే దొరుకుతుంది. అక్కడ మెనూ కార్డు ఉండదు. ఆ రోజు ఏం వచ్చిందో అదే వండుతారు, అయిపోతే బోర్డు తిప్పేస్తారు. నిలవ సరుకు లేదు కాబట్టి రేటు అందుబాటులో ఉంటుంది. రెస్టారెంట్లు నేర్చుకోవాల్సింది ఇక్కడే ఉంది. పదిహేను రకాల సీఫుడ్ పేర్లు రాసి ఫ్రీజర్ నింపే కంటే, రోజుకు రెండు రకాలు తెచ్చి రాత్రికి ఖాళీ చేయడం మేలు.

బార్ పక్కన చేప, కుటుంబానికి దూరం

ఇంకో మాట బయటికి ఎవరూ పెద్దగా అనరు గానీ అందరికీ తెలుసు. తెలుగు పట్టణాల్లో వేడి వేడి చేప ఫ్రై, రొయ్యల వేపుడు బాగా అమ్ముడుపోయే చోట్లలో 'బార్ అండ్ రెస్టారెంట్' ముందు వరుసలో ఉంటుంది. అపోలో ఫిష్, చిల్లీ ప్రాన్స్ లాంటివి అక్కడ నంజుకునే వంటకాలుగా స్థిరపడ్డాయి. సరుకు వేగంగా కదులుతుంది కాబట్టి తాజాగానూ ఉంటుంది.

కానీ ముస్లిం కుటుంబం అక్కడ అడుగు పెట్టదు. ముస్లింలే కాదు, ఆడవాళ్లను, పిల్లలను తీసుకుని వెళ్లే ఏ కుటుంబమైనా తటపటాయిస్తుంది. మెట్ల మీద 'ఏసీ ఫ్యామిలీ హాల్' అని బాణం గుర్తు వేసినా, కింద అంతస్తులో ఏముందో తెలిశాక ఎక్కబుద్ధి కాదు. కుటుంబాలు వెళ్లే బిర్యానీ హోటళ్లలో, మండీ సెంటర్లలో చూస్తే సీఫుడ్ మెనూలో చివరి పేజీకి పరిమితం. బిర్యానీ, కబాబ్ చేయడంలో ఆరితేరిన మాస్టర్ చేప దగ్గరికి వచ్చేసరికి అదే మసాలా, అదే రంగు, అదే మంట వాడేస్తాడు. కోడికి పట్టినంత సేపు రొయ్యకు మంట పెడితే అది గట్టిపడక ఏమవుతుంది? రొయ్యకు రెండు మూడు నిమిషాలు చాలు.

అంటే కుటుంబంతో కూర్చుని మంచి చేప తినే చోటు చాలా ఊళ్లలో కరువు. రుచి ఉన్నచోట వాతావరణం లేదు. వాతావరణం ఉన్నచోట రుచి లేదు. ఈ ఖాళీని నింపే అవకాశం మద్యం అమ్మని, కుటుంబాలు అలవాటుపడిన ముస్లిం హోటళ్లకే ఎక్కువగా ఉంది. మగ్రిబ్ వేళకు నమాజుకు కాస్త చోటు, బుర్ఖా వేసుకున్న అమ్మీలు ఇబ్బంది లేకుండా తినగలిగే క్యాబిన్ ఇప్పటికే చాలాచోట్ల ఉన్నాయి. లేనిది చేప తెలిసిన మాస్టర్ ఒక్కడే.

నానీ అడిగిన ప్రశ్న చిన్నది కాదు

చేపకు జబహ్ అవసరం లేదు. అందుకే పరాయి ఊళ్లో, మాంసం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని చోట చాలామంది ముస్లింలు 'ఫిష్ ఉందా?' అని అడుగుతారు. చేప సురక్షితమైన దారి అన్న నమ్మకం అది. ఆ నమ్మకం చేప వరకు సరే. అది వేగే మూకుడు మాటేమిటి?

రొయ్యల విషయంలో ఫిఖ్ పరంగా భేదాభిప్రాయం ఉంది. షాఫయీ, మాలికీ, హంబలీ మజ్‌హబ్‌లలో సముద్ర జీవుల విషయంలో వెసులుబాటు ఎక్కువ. హనఫీ మజ్‌హబ్‌లో నీటి జీవుల్లో చేప మాత్రమే హలాల్. మరి రొయ్య చేప కిందికి వస్తుందా రాదా అన్నదే చర్చ. అరబ్బీ భాషా పండితులు దాన్ని చేపల్లోనే లెక్కించారు కాబట్టి తినవచ్చని కొందరు హనఫీ ఉలమా అంటారు. కాదని మరికొందరు అంటారు. 2018 జనవరిలో హైదరాబాద్ జామియా నిజామియా నుంచి రొయ్యలు, పీతలు తినకూడదంటూ ఫత్వా వచ్చినప్పుడు పెద్ద చర్చే జరిగింది. భిన్నంగా చెప్పిన ఉలమా కూడా ఉన్నారు. పీత విషయంలో మాత్రం హనఫీ ఉలమా వైఖరి స్పష్టం. తినకూడదనే చెబుతారు. ఎవరు ఏది పాటించాలన్నది వాళ్లు నమ్మే ఆలిమ్‌ను అడిగి తేల్చుకోవాల్సిన విషయం. రెస్టారెంట్ తేల్చేది కాదు.

కానీ ఒకే ఇంట్లో రెండు అభిప్రాయాలు ఉండటం మామూలే. కొడుకు రొయ్య తింటాడు, తల్లి తినదు. తల్లికి చేప చెబితే అది రొయ్యలు, పీతలు వేగిన నూనెలోంచే వస్తే ఆమె పరిస్థితి ఏంటి? ఆమె మొహమాటపడి ఊరుకుంటుంది, ప్లేటు పక్కకు జరుపుతుంది. గోడ మీద 'హలాల్' బోర్డు ఉంటే సరిపోతుందనుకుంటారు. ఆ బోర్డు మామూలుగా మాంసం గురించే చెబుతుంది. నూనె గురించి, సాస్ గురించి చెప్పదు. కొన్ని చైనీస్ తరహా వంటకాల్లో వంట వైన్ వాడే పద్ధతి ఉంది. ఆయిస్టర్ సాస్ వాడకం సర్వసాధారణం. ఈ సంగతి మాస్టర్‌కు తెలుసు, సర్వర్‌కు తెలియకపోవచ్చు. కాబట్టి 'ఏం కాదు సార్' అనే జవాబు చాలదు.

దీనికి దీనీ కారణం ఒక్కటే లేదు. రొయ్య, పీత పడని ఒళ్లు చాలామందికి ఉంటుంది. దద్దుర్లు, పెదవుల వాపు, ఒక్కోసారి ఊపిరాడకపోవడం దాకా వెళ్తుంది. అలాంటివాళ్లకు కూడా రొయ్యలు వేగిన నూనెలో చేసిన వంట ప్రమాదమే. రొయ్యకు వేరే మూకుడు, వేరే గరిటె పెట్టుకుంటే నానీకీ మేలు, అలర్జీ ఉన్న పిల్లాడికీ మేలు. ఖర్చు చూస్తే ఒక మూకుడు, ఒక స్టవ్ బర్నర్. అంతకు మించి ఏమీ లేదు.

ఏ చేప అడిగారు, ఏ చేప వచ్చింది?

'బోన్‌లెస్ సార్' అన్న జవాబులో చేప పేరు లేదు. అసలు సమస్య అక్కడే మొదలవుతుంది. ముళ్లు తీసి, మసాలా పట్టించి, వేయించిన ముక్క ఏ చేపదో కంటికి తెలియదు. కొరమీను తెలంగాణ రాష్ట్ర చేప, ధర ఎక్కువ. దాని స్థానంలో చవకగా దొరికే బాసా ముక్క వేస్తే పట్టుకోవడం కష్టం. చందువ ధర ఆకాశంలో ఉంటుంది. చూడటానికి దానిలాగే ఉండే రూప్‌చంద్ చెరువుల్లో పెరుగుతుంది, చవక. వానాకాలంలో గోదావరి పులస పేరు చెప్పి మామూలు ఇలసను అంటగట్టే వ్యవహారం గోదావరి జిల్లాల వాళ్లకు కొత్త కాదు.

బాసా, రూప్‌చంద్ చెడ్డ చేపలేం కావు. తినొచ్చు. అభ్యంతరమల్లా ఒక పేరు చెప్పి ఇంకోటి పెట్టి, మొదటిదాని రేటు తీసుకోవడం మీదే. కొలతల్లో, తూకంలో మోసం చేయకూడదని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన సమాజంలో, ప్లేటులోకి వచ్చేసరికి ఈ మోసాన్ని 'హోటల్ అంటే అంతే' అని సర్దుకుపోవడం ఎందుకు?

'ఫ్రెష్' అనే మాటను కూడా కాస్త పరీక్షించాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ రెండు నెలల్లో 'ఈరోజే సముద్రం నుంచి వచ్చిన వంజరం' అని ఎవరైనా అంటే, అది నిల్వ చేసిన సరుకో, పడమటి తీరం నుంచి వచ్చిందో, లేదా చిన్న నాటు పడవలో దొరికిన కొద్దిపాటి సరుకో అయి ఉండాలి. మృగశిర కార్తె జూన్ మొదటి వారం దాటాక వస్తుంది. ఆరోజు హైదరాబాద్ రాంనగర్, బేగంబజార్ చేపల మార్కెట్లు జనంతో కిటకిటలాడతాయి. అదీ నిషేధం రోజుల్లోనే. అప్పుడు అమ్ముడయ్యే బొచ్చె, రవ్వ, కొరమీను చాలావరకు చెరువు చేపలే. వాటిని కోరి మరీ కొంటున్నాం కదా. అలాంటప్పుడు రెస్టారెంట్ కూడా 'ఇది చెరువు చేప' అని నిజం చెబితే పోయేదేమీ లేదు.

గడ్డకట్టించిన సరుకు అంటే చులకన కూడా అక్కర్లేదు. పట్టిన కొద్ది గంటల్లోనే సరైన చలిలో గడ్డకట్టించిన రొయ్య, మూడు రోజులు కరిగే ఐస్‌లో నానిన 'తాజా' రొయ్య కంటే మెరుగు. కరిగించి, మిగిలితే మళ్లీ గడ్డకట్టించడమే అసలు ప్రమాదం.

ఇంకో తేడా కూడా ఆలోచించదగ్గది. ఎగుమతికి వెళ్లే రొయ్యల్లో నిషేధిత యాంటీబయోటిక్స్ ఉన్నాయా అని ల్యాబుల్లో పరీక్షిస్తారు. ఉన్నట్టు తేలితే విదేశాలు కంటైనర్‌నే వెనక్కి పంపుతాయి. మన సంతలోకి, మన హోటల్లోకి వచ్చే బుట్టకు అంత గట్టి తనిఖీ కనిపించదు. మన రొయ్యలు మనమే తినాలని పిలుపునిచ్చే ప్రభుత్వాలు ముందుగా సరిచేయాల్సింది ఇదే. అమెరికా ఇంటికి ఇచ్చిన భరోసా అనంతపురం ఇంటికీ, వరంగల్ ఇంటికీ ఇవ్వాలి కదా.

నిబంధనలు కాగితం మీద లేకపోలేదు. వంటనూనెను పదే పదే కాచితే ఏర్పడే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జూలై నుంచి నియమం ఉంది. రెస్టారెంట్ బిల్లు మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ ఉండాలని 2022 జనవరి నుంచి తప్పనిసరి చేశారు. 2024లో తెలంగాణ ఆహార భద్రత అధికారులు హైదరాబాద్ హోటళ్లపై వరుస తనిఖీలు చేసి, కనిపించినవన్నీ ఫొటోలతో సహా బయటపెట్టారు. పేరున్న హోటళ్ల వంటగదులు కూడా అందులో ఉన్నాయి. అదే ఏడాది అక్టోబర్ 30న పచ్చి గుడ్డుతో చేసే మయోనీస్‌ను ఏడాదిపాటు నిషేధించారు. అలాంటి తనిఖీలు వార్తల కోసం కొన్ని వారాలు కాకుండా, జిల్లా కేంద్రాల్లోనూ నెలనెలా జరిగితేనే ఫలితం.

బిల్లు వచ్చాక బాధపడే కంటే

బయట తిండిలో కుటుంబం పరువు బిల్లు దగ్గర చిక్కుకుంటుంది. పిల్లల ముందు, చుట్టాల ముందు బిల్లు మీద ప్రశ్న అడగడానికి చాలామంది నామోషీ పడతారు. సీఫుడ్‌లో ఈ ఇబ్బంది ఎక్కువ, కారణం 'సైజును బట్టి' రేటు. చేపను పొలుసు తీయకముందు తూచి, గ్రాముల లెక్కన వేస్తారు. తూకం ఎంతో, వంద గ్రాములకు ఎంతో ముందే చెబితే ఇందులో తప్పు లేదు. చెప్పకుండా వండేసి బిల్లులో చూపిస్తేనే గొడవ. నాణ్యత, పరిమాణం, ధర తెలుసుకోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చిన హక్కు. అడగడం అమర్యాద కాదు.

మామూలు రెస్టారెంట్‌లో జీఎస్టీ 5 శాతం. ఖరీదైన హోటళ్ల ఆవరణలో ఉండే కొన్నింటిలో 18 శాతం. కాంపోజిషన్ పద్ధతిలో నమోదైన చిన్న హోటళ్లు కస్టమర్ నుంచి విడిగా జీఎస్టీ వసూలు చేయకూడదు. బిల్లులో పన్ను వేశారంటే జీఎస్టీ నంబర్ ఉండాలి. సర్వీస్ చార్జ్ వేరు, అది పన్ను కాదు. దాన్ని బిల్లులో తనంతట తానే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. కలిపి ఉంటే తీసేయమని అడగొచ్చు. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. సర్వర్ బాగా చూసుకున్నాడనిపిస్తే ఆ డబ్బు నేరుగా అతని చేతికే ఇవ్వొచ్చు. అది మన ఇష్టం.

ఆర్డర్ ఇచ్చే ముందు నాలుగు ప్రశ్నలు చాలు. ఈరోజు ఏ చేప వచ్చింది? చెరువుదా, సముద్రానిదా? ప్లేటు ఎన్ని గ్రాములు, ఎంత రేటు? రొయ్యలకు నూనె వేరేనా? ముక్క వచ్చాక అమ్మోనియా లాంటి ఘాటు వాసన తగిలితే తినకుండా వెనక్కి పంపడమే మంచిది. నిమ్మకాయ పిండి సర్దుకోవద్దు.

నమ్మకమే అసలు కరువు

రొయ్యల రైతు సమస్యకు ఒక్క రెస్టారెంట్లే పరిష్కారం అనుకోవడం అమాయకత్వం. ఎగుమతికి వెళ్లే సరుకంతా దేశంలో ఖర్చు కావాలంటే ఏళ్లు పడుతుంది. కొత్త దేశాల మార్కెట్లు వెతకాలి, మేత ధరలు అదుపులోకి రావాలి, కోల్డ్ స్టోరేజీలు పెరగాలి. అయినా ఇంటి మార్కెట్ ఒక పునాది. విదేశీ సుంకం పెరిగిన ప్రతిసారీ రైతు చెరువు గట్టు మీద కూలబడకుండా అది కొంతైనా ఆపుతుంది.

ఆ పునాదికి తినే జనం కొరత లేదు. చేప మీద మోజు లేక జనం ఆగడం లేదు. జేబులో డబ్బు ఒక్కటే కారణం అనడానికీ వీల్లేదు. అదే కుటుంబం ఆరోజు బిర్యానీకి తక్కువేమీ ఖర్చు పెట్టలేదు. బిర్యానీ విషయంలో వాళ్లకు ఏం వస్తుందో, ఎంతవుతుందో, ఎలా వండుతారో తెలుసు. చేప విషయంలో ఈ మూడూ తెలియవు. తెలియని చోట డబ్బు పెట్టడానికి, అందులోనూ హలాల్, హరామ్ పట్టింపు ఉన్న ఇంట్లో, ఎవరూ ముందుకు రారు.

రెస్టారెంట్ తలుపు దగ్గర ఒక నల్లబల్ల పెట్టి, రోజూ చాక్‌పీస్‌తో నాలుగు గీతలు రాస్తే చాలు. ఈరోజు చేప పేరు, వచ్చిన ఊరు, ప్లేటు తూకం, రేటు. కింద ఇంకో గీత: 'రొయ్యలకు నూనె, మూకుడు వేరు'. ఇందుకు పెద్ద పెట్టుబడి అక్కర్లేదు, ప్రభుత్వ పథకం కోసం ఆగక్కర్లేదు. అలాంటి హోటల్ ఊళ్లో ఒకటి మొదలైతే, వచ్చే ఆదివారం ఆ పెద్దమ్మాయి అడిగినప్పుడు అబ్బా రేటు వైపు చూసి ఆగిపోడు. నానీ కూడా మొహమాటం లేకుండా తన చేప ముక్క తనే చెప్పుకుంటుంది.